లక్షకు లోపున్న ఊళ్ళో నిరాశ్రయులు

నిరాశ్రయులను ఆదుకునే ప్రభుత్వ విధానాల గురించి, ఆ పనిలో దేశాలు ఒకదాని నుంచి మరొకటి ఏం నేర్చుకుంటున్నాయన్న దాని గురించి ఈ పూట మాట్లాడతాను. మాటల్లో ఐక్యరాజ్యసమితి వస్తుంది, హెల్సింకీ వస్తుంది, కువైట్ వస్తుంది. కానీ నేను మాట్లాడేది నర్సీపట్నం మనిషిగా. ఎక్కడో పెద్ద సభలో చేసిన తీర్మానం మన ఆర్టీసీ కాంప్లెక్స్ బెంచీ మీద ముడుచుకు పడుకున్న మనిషి దాకా వచ్చిందా, రాకపోతే దారిలో ఎక్కడ ఆగిపోయింది? నాకు కావలసింది ఆ సంగతే.

2009 డిసెంబరులో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గర నిరాశ్రయుల కోసం వేసిన గుడారాన్ని అక్కడి మునిసిపల్ సిబ్బంది తొలగించారు. ఢిల్లీ చలి ఎలా ఉంటుందో తెలిసిందే. ఆ చలిలో జనం రోడ్డున పడ్డారు. చావులు కూడా జరిగాయని పత్రికలు రాశాయి. అప్పటికి సుప్రీంకోర్టులో ఆహార హక్కు కేసు నడుస్తోంది. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం 2001లో వేసిన కేసు అది. ఆ కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు 2010 జనవరిలో ఈ గుడారం సంగతిని కోర్టు ముందు పెట్టారు. తిండి లేక చచ్చిపోవడమూ చలికి చచ్చిపోవడమూ రెండూ బతికే హక్కు పోవడమే అన్నది వాళ్ళ వాదన. కోర్టు ఒప్పుకుంది. ముందు ఢిల్లీకి, తర్వాత దేశంలోని పెద్ద నగరాలన్నిటికీ ఒక కొలత పెట్టింది. లక్ష జనాభాకు ఒక షెల్టరు ఉండాలి, అది చలికాలం మూడు నెలలే కాకుండా ఏడాది పొడుగునా తెరిచి ఉండాలి.

2013లో కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మొదలుపెట్టినప్పుడు ఇదే కొలతను అందులోకి తీసుకుంది. లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటు. ఒక్కో షెల్టరులో ఏభై నుంచి వందమంది. మనిషికి ఏభై చదరపు అడుగులు. మంచినీళ్ళు, మరుగుదొడ్డి, వంటగది, సామాను దాచుకునే పెట్టె. ఆడవాళ్ళకు, కుటుంబాలకు, ముసలివాళ్ళకు విడి ఏర్పాట్లు. షెల్టరును ఊరి చివర ఖాళీ స్థలంలో కట్టకూడదనీ, వాళ్ళు పనిచేసే చోటికీ బస్టాండుకూ మార్కెట్టుకూ దగ్గరలో ఉండాలనీ కూడా మార్గదర్శకాల్లో రాశారు. రాసినవాళ్ళకు ఆ బతుకు తెలుసనిపిస్తుంది. తెల్లవారుజామున మూటలు దించే మనిషికి నాలుగు కిలోమీటర్ల అవతల మంచం ఇస్తే ఆ మంచం ఖాళీగానే ఉంటుంది.

అయితే ఈ మిషన్ ముందు లక్ష దాటిన నగరాలకూ జిల్లా కేంద్రాలకూ మాత్రమే వచ్చింది. నర్సీపట్నానికి లక్ష జనాభా లేదు. రెవెన్యూ డివిజన్ కేంద్రమే గాని జిల్లా కేంద్రం కాదు. అప్పుడు విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. రెండు లెక్కల్లోనూ మన ఊరు బయటే ఉండిపోయింది. 2016లో పథకాన్ని చట్టబద్ధమైన పట్టణాలన్నిటికీ విస్తరించారు. కాగితం మీద ఆ రోజే మన ఊరికి తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళడానికి మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి. ఇంతమంది ఆరుబయట పడుకుంటున్నారు, ఇదిగో జాబితా అని చెప్పాలి. ఆ జాబితా దగ్గరే పని ఆగిపోతుంది.

మన ఊళ్ళో ఆరుబయట ఎవరు పడుకుంటారు? రాత్రి చివరి బస్సు చింతపల్లి వైపు వెళ్ళిపోయాక కాంప్లెక్స్‌లో మిగిలేవాళ్ళను చూస్తే కొంత తెలుస్తుంది. నర్సీపట్నం ఏజెన్సీకి వాకిలి. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు మండలాల నుంచి డోలీ మీద కొంత దూరం, జీపులో కొంత దూరం, ఆ తర్వాత 108లో ఏరియా ఆసుపత్రికి మనుషులు వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది. రోగి వెంట వచ్చిన తల్లికి, మొగుడికి, అన్నదమ్ముడికి దొరకదు. వరండాలోనో చెట్టు కిందో నాలుగైదు రాత్రులు గడుస్తాయి. ఈ మొదటిరకం వాళ్ళకు సొంత ఊళ్ళో ఇల్లుంది, కాబట్టి ఏ లెక్కలోనూ నిరాశ్రయులు కారు. కానీ ఆ నాలుగైదు రాత్రులు వాళ్ళకు ఆశ్రయం లేదన్నది నిజం. బాలింత పక్కన ఉండాల్సిన మనిషి చలికి తట్టుకోలేక వెనక్కి కొండెక్కేస్తే, ఆ నష్టం ఆసుపత్రి రికార్డులో ఎక్కడా కనబడదు.

రెండోరకం కూలికి వచ్చినవాళ్ళు. భవనాల పనికి, మూటల పనికి, సంతకు సరుకు మోయడానికి వచ్చి, అద్దె గది తీసుకుంటే చేతికి ఏమీ మిగలదని దుకాణాల అరుగుల మీద పడుకునేవాళ్ళు. మూడోరకం పిల్లలు పట్టించుకోని ముసలివాళ్ళు. పింఛను వచ్చే ఊరు ఒకటి, వాళ్ళు బతికే ఊరు మరొకటి. నాలుగోరకం మతి చెదిరి ఇల్లు వదిలినవాళ్ళు. వీళ్ళ గురించి తర్వాత విడిగా చెబుతాను, ఎందుకంటే అంతర్జాతీయ సహకారం నిజంగా పనికొచ్చేది వీళ్ళ విషయంలోనే.

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి చలి చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అర్ధరాత్రి బయలుదేరిన కార్లు మన ఊరు దాటే ఘాట్ ఎక్కుతాయి. కొండమీద మంచు చూడటానికి వెళ్ళేవాళ్ళ సంతోషాన్ని నేను తప్పుపట్టను. అదే చలి కొంచెం తగ్గి కొండ కిందికి కూడా వస్తుందని, ఇక్కడ దుప్పటి లేకుండా దాన్ని భరించేవాళ్ళు ఉన్నారని మాత్రం గుర్తుచేయాలనిపిస్తుంది.

ఇప్పుడు దేశం లెక్క చూద్దాం. 2011 జనగణనలో మనదేశంలో ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షలు. వంతెనల కింద, తూముల్లో, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పడుకునేవాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి తిరిగి లెక్కపెట్టారు. ఒక్క రాత్రిలో ముగించిన లెక్క కాబట్టి ఇంకా చాలామంది తప్పిపోయారన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరి మాట. ఆ 17.7 లక్షల్లో పట్టణాల వాళ్ళు 9.4 లక్షలైతే పల్లెల వాళ్ళు 8.3 లక్షలకు పైనే. అంటే దాదాపు సగం పల్లెల్లోనే ఉన్నారు. షెల్టర్ల పథకం మాత్రం పట్టణ నిరాశ్రయులకు. ఆ పథకాన్ని పెద్ద నగరాలను చూసి రాశారు. పల్లెకూ నగరానికీ మధ్యలో ఉన్న మనలాంటి ఊళ్ళకు రెండు చోట్ల నుంచీ నిరాశ్రయులు వస్తారు. పథకాలు మాత్రం ఏ వైపు నుంచీ సరిగా రావు.

ప్రపంచం ఈ విషయాన్ని మొదటిసారి గట్టిగా పట్టించుకున్నది 1987లో. అది అంతర్జాతీయ నిరాశ్రయుల వసతి సంవత్సరం. ఆ ఆలోచన పుట్టింది మన పొరుగున, శ్రీలంకలో. అప్పటి ప్రధాని ప్రేమదాస 1980లో ఐక్యరాజ్యసమితిలో ఆ ప్రతిపాదన పెట్టారు. 1982లో సర్వప్రతినిధి సభ ఆమోదించింది. మనదేశంలో ఆ వెంటనే, 1988లో, జాతీయ గృహనిర్మాణ విధానం, నేషనల్ హౌసింగ్ బ్యాంకు వచ్చాయి. ఇళ్ళ రుణాల దారి బాగుపడింది. రుణం తీసుకోగలిగినవాళ్ళకు అది మేలే. బ్యాంకు మెట్టెక్కడానికి చిరునామా కూడా లేనివాడికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

అదే 1987 నుంచి ఫిన్లాండ్ మరో పని చేసింది. ఏటా తన దేశంలో ఇల్లు లేనివాళ్ళను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మొదట్లో ఆ సంఖ్య ఇరవైవేల దరిదాపుల్లో ఉండేది. ఏటా లెక్క బయటికి వస్తుంటే ఏ ప్రభుత్వమూ దాన్ని దాటేసి పోలేకపోయింది. అప్పట్లో హెల్సింకీలో షెల్టర్ల మంచాలు రెండువేలకు పైగా ఉండేవి. ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడివాళ్ళకు ఒక సంగతి అర్థమైంది. షెల్టరులో పడుకున్న మనిషి పదేళ్ళ తర్వాత కూడా షెల్టరులోనే ఉంటున్నాడు. తాగుడు మానితే ఇల్లిస్తాం, మందులు వేసుకుంటే ఇల్లిస్తాం, పని చూసుకుంటే ఇల్లిస్తాం అని షరతులు పెడుతుంటే, రోడ్డు మీద ఉండి వాటిలో ఒక్కటీ చేయలేకపోతున్నాడు. 2008లో వరుస తిప్పేశారు. ముందు అద్దె ఒప్పందంతో సొంత తాళంచెవి ఉన్న చిన్న ఇల్లు, ఆ తర్వాత వైద్యం, పని. దీనికే హౌసింగ్ ఫస్ట్ అని పేరు. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన పద్ధతిని ఫిన్లాండ్ ఒక దేశం మొత్తానికి విధానంగా మార్చింది. పాత షెల్టరు భవనాలనే చిన్న ఫ్లాట్లుగా తిరగకట్టారు. నగరంలో రెండువేలు దాటిన షెల్టరు మంచాలు 2016 నాటికి ఏభై చిల్లరకు దిగాయి. తర్వాతి ఏళ్ళలో దేశంలో నిరాశ్రయుల సంఖ్య నాలుగువేల లోపుకు వచ్చింది. 2024లో అది మళ్ళీ కొంచెం పెరిగింది. పెరిగిందని వాళ్ళే ప్రకటించారు. ఏటా లెక్కపెట్టే అలవాటు ఉండబట్టే ఆ సంగతి వెంటనే తెలిసింది.

ఒకే పిలుపు రెండు దేశాలకూ వెళ్ళింది. మనం బ్యాంకుతో మొదలుపెట్టాం, వాళ్ళు మనుషుల్ని లెక్కపెట్టడంతో మొదలుపెట్టారు. మన జనాభా వేరు, మన పేదరికం వేరు, ఆ పోలికకు హద్దులున్నాయని నాకూ తెలుసు. అయినా లెక్కపెట్టడానికి ధనిక దేశమే కానక్కర్లేదు. అలాగని ధనిక దేశమై లెక్కపెట్టినంత మాత్రాన పని అయిపోదు, అమెరికా సంగతి చూడండి. అక్కడ ఏటా జనవరిలో ఒక రాత్రి వాలంటీర్లు షెల్టర్లూ వీధులూ తిరిగి లెక్కపెడతారు. 2024 జనవరిలో తేలిన సంఖ్య 7.71 లక్షలు. అంత డబ్బున్న దేశంలో అంతమంది. మన పిల్లలు కాలిఫోర్నియా నుంచి ఫోన్ చేసినప్పుడు అక్కడి ఫుట్‌పాత్‌ల మీది గుడారాల సంగతి చెబుతూనే ఉంటారు. అదే ఏడాది జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, ఆరుబయట పడుకున్నందుకు జరిమానా వేసే అధికారం ఊళ్ళకు ఉందని తీర్పిచ్చింది. డబ్బుంటే చాలదనడానికీ, లెక్కపెట్టినంత మాత్రాన కూడా సరిపోదనడానికీ ఆ దేశమే ఉదాహరణ.

ఐక్యరాజ్యసమితిలో నిరాశ్రయత మీదే ప్రత్యేకంగా సర్వప్రతినిధి సభ తీర్మానం రావడానికి 2021 డిసెంబరు దాకా పట్టింది. కోవిడ్ వచ్చాక గాని అది జరగలేదు. ఇంట్లో ఉండండి అని ప్రపంచమంతా ఒకే మాట చెప్పిన రోజుల్లో, ఇల్లు లేనివాడి గతి ఏమిటన్న ప్రశ్న ఏ ప్రభుత్వానికీ తప్పలేదు. ఇంగ్లండు వీధుల్లో ఉన్నవాళ్ళను తీసుకెళ్ళి హోటల్ గదుల్లో ఉంచింది. మన దగ్గర బడులు, కల్యాణ మండపాలు షెల్టర్లయ్యాయి. ఏళ్ళ తరబడి స్థలం లేదు, నిధులు లేవు అన్నచోట వారం రోజుల్లో మంచాలు పడ్డాయి. అప్పుడు సాధ్యమైన పని ఎప్పుడైనా సాధ్యమే. ఐరోపా దేశాలు 2021 జూన్‌లో లిస్బన్‌లో కూడి, 2030 నాటికి ఎవరూ గతిలేక ఆరుబయట పడుకోకుండా చూస్తామని సంతకాలు చేశాయి. మన దక్షిణాసియాలో అలాంటి ఒప్పందం ఉందని నేను వినలేదు. ప్రేమదాస ఆ పిలుపు ఇచ్చింది ఈ గడ్డ నుంచే కాబట్టి ఆ లోటు నన్ను మరింత బాధపెడుతుంది.

మన ప్రాంతంలో విదేశీ సహకారం లేదని కాదు. 1988 నుంచి బ్రిటన్ ప్రభుత్వ సాయంతో విశాఖపట్నంలో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. హైదరాబాదులో, విజయవాడలో కూడా నడిచింది. రోడ్లు, కాలవలు, వీధిదీపాలు, కమ్యూనిటీ హాళ్ళు వచ్చాయి. తర్వాత బ్రిటన్ సంస్థ డిఎఫ్‌ఐడి 2000 ప్రాంతంలో రాష్ట్రంలోని లక్ష జనాభా దాటిన పట్టణాల కోసం పెద్ద ప్రాజెక్టు చేపట్టింది. మునిసిపాలిటీలు పేదల వాడలను ఎలా గుర్తించాలో, వాళ్ళ సంఘాలతో కూర్చుని పనుల జాబితా ఎలా రాయాలో అందులో నేర్చుకున్నాయి. అది ముగిసే రోజుల్లోనే, 2007లో, మెప్మా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. ఇవాళ పట్టణాల్లో పొదుపు సంఘాలను చూసేదీ, షెల్టర్ల పని చూసేదీ మెప్మాయే. గ్రేటర్ విశాఖ కార్పొరేషన్ ఏయూటీడీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి నిరాశ్రయుల షెల్టర్లు నడుపుతోంది. వీధుల్లో తిరిగి మనుషుల్ని పలకరించి తీసుకురావడం, ఆధార్ ఇప్పించడం, ఆసుపత్రికి తీసుకెళ్ళడం, ఇంటివాళ్ళ ఆచూకీ దొరికితే అప్పగించడం అక్కడి పని. విశాఖ మనకు వంద కిలోమీటర్ల లోపే. ఈ పని ఎలా చేయాలో నేర్చుకోవడానికి మనం హెల్సింకీ దాకా వెళ్ళక్కర్లేదు.

అంతర్జాతీయం అనే మాటకు మరో రూపం కూడా మన తెలుగువాళ్ళు చూశారు. 2017 నవంబరులో హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు వచ్చారు. దానికి ముందు నగరంలో రెండునెలల పాటు భిక్షాటన నిషేధించారు. వీధుల్లో ఉన్నవాళ్ళను వాహనాల్లో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అక్కడ తిండి పెట్టారు, వైద్యం చేశారు, కొందరు ఇళ్ళకు చేరారు కూడా. కానీ వాళ్ళంతా ఏదో తప్పు చేసినట్టు జైలు గోడల పక్కకు చేరాల్సి వచ్చింది. విదేశీ అతిథి వస్తే మన ఇంట్లో మనిషినే దాచిపెట్టుకోవడం నాకు మింగుడుపడదు. ఆ మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు, అడుక్కోవడాన్ని నేరం చేసే నిబంధనలు రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. మన తెలుగు నేల మీద 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఉంది. దాన్ని మళ్ళీ చదివి చూడాల్సిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

ఇక మతి చెదిరి తిరిగేవాళ్ళ సంగతి. నర్సీపట్నం రోడ్ స్టేషన్ మన ఊరికి దూరమే గాని, హౌరా-చెన్నై లైను మీద ఉంది. ఆ లైను మీద అనకాపల్లి, ఎలమంచిలి, తుని స్టేషన్లన్నిటిలోనూ ఏ బీహార్ నుంచో ఏ ఒడిశా నుంచో రైలెక్కి, ఎక్కడ దిగారో తెలియకుండా దిగిపోయేవాళ్ళు కనబడతారు. పేరు అడిగితే చెప్పరు. చెప్పినా మనకు ఆ భాష రాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం నూరో సెక్షను పోలీసులకు ఒక బాధ్యత అప్పగించింది. మతి సరిగా లేక తిరుగుతున్న మనిషి కనబడితే రక్షణలోకి తీసుకోవాలి. ఇరవై నాలుగు గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. లాకప్పులో పెట్టకూడదు. ఇల్లు లేని మనిషైతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ రాసి, ఇంటివాళ్ళను వెతకాలి. ఈ సంగతి అందరికీ తెలియాలి. టీ బంకు దగ్గర అలాంటి మనిషి కనబడినప్పుడు ఒక బన్ను ఇచ్చి పంపేయడంతో మన బాధ్యత తీరిపోదు. స్టేషనుకు ఫోన్ చేసి ఆ సెక్షను పేరు చెప్పి అడిగే హక్కు మనకుంది.

విశాఖ చినవాల్తేరులోని మానసిక వైద్యశాలకు చేరాక ఆ మనిషికి వైద్యం అందుతుంది. కోలుకుంటారు కూడా. కోలుకున్నాక ఎక్కడికి వెళ్ళాలన్నది అసలు చిక్కు. ఇంటివాళ్ళు దొరకకపోయినా, దొరికి తీసుకెళ్ళకపోయినా ఆసుపత్రే ఇల్లవుతుంది, ఏళ్ళ తరబడి. ఈ చిక్కుకు దారి చూపింది మన పక్క రాష్ట్రమే. చెన్నైలో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో బాన్యన్ సంస్థను పెట్టారు. వీధిలో తిరిగే ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చి వైద్యం చేయించడంతో మొదలై, తర్వాత హోమ్ ఎగైన్ అనే పద్ధతికి వచ్చారు. ఆసుపత్రిలో ఏళ్ళుగా ఉండిపోయిన ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి, మామూలు వీధిలో ఒక అద్దె ఇంట్లో ఉంటారు. వండుకుంటారు, మార్కెట్టుకు వెళతారు, ఇరుగుపొరుగుతో మాట్లాడతారు. తోడుగా ఒక సహాయకురాలు ఉంటుంది. కెనడాకు చెందిన గ్రాండ్ ఛాలెంజెస్ సంస్థ దీనికి డబ్బు సమకూర్చింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ఆరోగ్య సేవల మీద తెచ్చిన మార్గదర్శకాల్లో దీన్ని అనుసరించదగ్గ పద్ధతిగా చేర్చింది. శ్రీలంక, బంగ్లాదేశ్ దీన్ని నేర్చుకుంటున్నాయి. కెనడా డబ్బు, తమిళనాడు ఆడవాళ్ళ అనుభవం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర కలిసి ఢాకా దాకా వెళ్ళాయి. సహకారం అంటే నాకు ఇలా కనబడుతుంది. తెలుగు నేలకు కూడా ఆ పద్ధతి రావాలి. మహారాష్ట్ర కర్జత్‌లో డాక్టర్ భరత్ వట్వానీ నడిపే శ్రద్ధ పునరావాస సంస్థ కోలుకున్నవాళ్ళను వెంటబెట్టుకుని వాళ్ళ సొంత ఊళ్ళకు చేర్చి వస్తుంది. ఆ పనికే ఆయనకు 2018లో మెగసెసే పురస్కారం వచ్చింది. దేశాల మధ్య సహకారం మాట్లాడుకునే ముందు, ఒడిశా పోలీసుకూ మన పోలీసుకూ మధ్య, బీహార్ కలెక్టరాఫీసుకూ అనకాపల్లి కలెక్టరాఫీసుకూ మధ్య ఒక ఫోన్ నంబరూ, ఆ భాష తెలిసిన ఒక మనిషీ ఉంటే ఎంతమంది ఇంటికి చేరతారో!

మన తెలుగువాళ్ళు పరాయి దేశంలో వీధిన పడ్డప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడాలి. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఇంటిపనికీ డ్రైవరు పనికీ కువైట్ వెళ్ళారు. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటాడు. కొట్టినా జీతం ఇవ్వకపోయినా ఆ ఇల్లు వదిలితే నిలువ నీడ ఉండదు. బయటికి రాగానే వీసా చెల్లదు, అద్దెకు గది దొరకదు. అలాంటి ఆడవాళ్ళ కోసం అక్కడి మన రాయబార కార్యాలయం షెల్టరు నడుపుతోంది. 2009లో కేంద్రం పెట్టిన భారతీయ ప్రవాసుల సంక్షేమ నిధి నుంచి తిండికి, వసతికి, తిరుగు టికెట్టుకు డబ్బు ఇస్తారు. అక్కడి ప్రభుత్వం అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తే, మనవాళ్ళు తాత్కాలిక ప్రయాణ పత్రం మీద తిరిగొస్తారు. 2020 ఏప్రిల్‌లో అలా ప్రకటించినప్పుడు విమానాలు నడవక, శిబిరాల్లో వారాల తరబడి ఎండకు మాడిన తెలుగువాళ్ళు ఎందరో. 2021లో రెండు దేశాలూ ఇంటి పనివాళ్ళ గురించి ఒప్పందం చేసుకున్నాయి. చాలదు, నిజమే. కానీ ఆ దేశంలో వీధిన పడ్డ మనిషి కోసం తలుపు తట్టడానికి ఒక కార్యాలయం ఉంది, ఖర్చు పెట్టడానికి ఒక నిధి ఉంది, పేరు రాసుకునే ఒక రిజిస్టరు ఉంది. నర్సీపట్నంలో అరుగు మీద పడుకున్నవాడికి కూడా అవి మూడూ కావాలి.

వాటిలో కొన్ని చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. ఇల్లు లేని మనిషి ఓటరుగా నమోదు కావచ్చు. ఫారం 6లో తాను రాత్రి పడుకునే చోటునే చిరునామాగా రాయవచ్చు. బూత్ స్థాయి అధికారి ఒకటికి మించి రాత్రులు అక్కడికి వెళ్ళి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడని చూస్తే, చిరునామాకు వేరే రుజువు అడగకూడదని ఎన్నికల సంఘం నియమం. నాకు ఈ నియమం మీద ఎంతో గౌరవం. ఒక ప్రభుత్వ ఉద్యోగి అర్ధరాత్రి వెళ్ళి, నిద్రపోతున్న మనిషిని చూసి, ఇది ఇతని చోటు అని సంతకం చేస్తాడు. ఆధార్ విషయంలో కూడా గుర్తింపు పొందిన షెల్టరు అధికారి ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. షెల్టరుంటే ఆధార్, ఆధార్ ఉంటే బియ్యం కార్డు, పింఛను, ఆసుపత్రిలో ఉచిత వైద్యం. ఇంటి స్థలాల పథకం ఏ ప్రభుత్వం పెట్టినా, ఈ కాగితాలు లేనివాడి పేరు అర్హుల జాబితాలో ఎక్కదు. ఏభై మంచాల గది ఒకటి కాంప్లెక్స్‌కూ ఏరియా ఆసుపత్రికీ నడిచే దూరంలో ఉంటే, రోగుల వెంట వచ్చిన ఏజెన్సీ కుటుంబాలకు కూడా అందులో చోటివ్వవచ్చు. అలా అయితే ఆ గది ఏ రోజూ ఖాళీగా ఉండదు.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా నిర్ణయించారు. 2011లాగే ఇల్లు లేనివాళ్ళను లెక్కపెడితే, అది ఫిబ్రవరి 28 రాత్రి అవుతుంది. ఆ రాత్రి తిరిగే ఎన్యూమరేటరు టీచరో సచివాలయ ఉద్యోగో అయి ఉంటారు. ఎవరు ఎక్కడ పడుకుంటారో వాళ్ళకు తెలియాలని లేదు. తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. తెల్లవారకముందే పొయ్యి వెలిగించే టీ బంకువాళ్ళు, రాత్రి ఆటో నడిపేవాళ్ళు, మార్కెట్టులో మూటలు మోసేవాళ్ళు, వీధులూడ్చే పారిశుధ్య కార్మికులు, ఆసుపత్రి రాత్రి డ్యూటీ సిస్టర్లు, బలిఘట్టం గుడి దగ్గర పువ్వులమ్మే ఆడవాళ్ళు. మునిసిపాలిటీ వీళ్ళను ముందే ఒక రోజు కూర్చోబెట్టి, మెప్మా రిసోర్స్ పర్సన్లతో కలిపి, వార్డువారీగా చోట్ల జాబితా రాయించాలి. ఎన్యూమరేటరు వెంట వాళ్ళలో ఒకరిని పంపి, ఆ రాత్రి కూలి ఇవ్వాలి. ఏజెన్సీ భాషలు, ఒడియా, హిందీ తెలిసిన మనిషి ఒకరు వెంట ఉండాలి. ఈ మాట వింటున్నవాళ్ళలో వార్డు కౌన్సిలర్లు ఉంటారు, సచివాలయ సిబ్బంది ఉంటారు, కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలు ఉంటారు. మీ వార్డులో రాత్రి పది దాటాక ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో ఒకసారి తిరిగి చూసి, రాసి, కమిషనరుగారికి ఇవ్వండి. ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.